నిప్పుకు అద్దాల తలుపు

బయట మంచు... లోపల మంట. ఆ మంట ముందు ఒక తలుపు. చూడ్డానికి అలంకారంలా ఉండే ఆ తలుపు వెనక వందల ఏళ్ల కథ ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియాకు వెళ్తే ఆ కథలో చాలా భాగం కళ్లారా చూడొచ్చు.

డిసెంబరు వచ్చిందంటే ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఊళ్లలో సాయంత్రం అయిదింటికే చీకటి పడిపోతుంది. చెట్లన్నీ ఆకులు రాల్చేసి మోడుల్లా నిలబడతాయి. వీధిలో మనిషి కనిపించడు. అక్కడక్కడా ఇళ్ల పొగగొట్టాల్లోంచి సన్నగా పొగ, కాలుతున్న కట్టెల వాసన. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వచ్చిన పెద్దవాళ్లకు ఆ వాసన కొత్తేమీ కాదు. భోగిమంట దగ్గరా వేణ్నీళ్ల కాగు కిందా చిన్నప్పటి నుంచీ ఎరిగిందే. కొత్తల్లా ఆ మంట నట్టింట్లో ఉండటమే!

కార్పెట్ పరిచిన హాలు. సోఫాలకు ఎదురుగా గోడలో ఒక గూడు. అందులో మంట. దాని పేరు ఫైర్‌ప్లేస్. వంటకు కాదు, నీళ్లు కాచుకోడానికీ కాదు. చలి కాచుకోడానికి, కూర్చుని చూడటానికి. ఈ రోజుల్లో ఇల్లంతటినీ వెచ్చగా ఉంచడానికి వేరే హీటర్లు ఉన్నా, చాలా ఇళ్లలో ఈ గూడు మాత్రం పోలేదు. పెన్సిల్వేనియా, న్యూజెర్సీల్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇది ఇంటితోపాటే వస్తుంది. టీవీ ఎంత పెద్దది కొనాలి, సోఫా ఏ రంగుదైతే బావుంటుంది అని వారాల తరబడి ఆలోచించేవాళ్లు కూడా ఆ గూటి ముందుండే అద్దాల తలుపు గురించి పెద్దగా పట్టించుకోరు. కానీ ఆ గది వెచ్చగా ఉంటుందా, ఇల్లు చల్లబడిపోతుందా, ఇంట్లో పాకే పసివాడి చేతులు భద్రమేనా... ఇవన్నీ ఆ తలుపు మీదే ఆధారపడి ఉంటాయి.

నివురు నుంచి కర్ఫ్యూ దాకా

నిప్పును ఇంట్లో పెట్టుకోవడం ఎంత అవసరమో, దాన్ని మూసి ఉంచడమూ అంతే అవసరమని మనిషికి ఎప్పుడో తెలుసు. మన పల్లెల్లో రాత్రి పొయ్యిలో నిప్పుల మీద నివురు కప్పి, పొద్దున్నే ఊది మళ్లీ రాజేసేవారు. ఐరోపాలోనూ అదే పద్ధతి. మధ్యయుగాల్లో అక్కడి పట్టణాల్లో రాత్రి గంట మోగగానే ఇంటింటా పొయ్యి కప్పేయాలి. చాలావరకు చెక్క ఇళ్లు. ఒక్క నిప్పురవ్వ ఎగిరినా ఊరు ఊరంతా బూడిదే. నిప్పును కప్పమని అర్థం వచ్చే ఫ్రెంచి మాట నుంచే ఇంగ్లిషులోకి ఒక పదం వచ్చింది. అదే మనందరికీ తెలిసిన ‘కర్ఫ్యూ’!

అక్కడి నుంచి అమెరికాకు వలస వెళ్లినవాళ్లు పొయ్యినీ, దాంతోపాటు ఆ భయాన్నీ వెంట తీసుకెళ్లారు. ఆ భయానికి ఉపాయం వెతికినవాళ్లలో అందరికన్నా పేరున్నవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్.

ఫ్రాంక్లిన్ పెట్టె

ఫిలడెల్ఫియా నడిబొడ్డున మార్కెట్ స్ట్రీట్‌లో, మూడు, నాలుగో వీధుల మధ్య ఫ్రాంక్లిన్ కోర్ట్ ఉంది. అక్కడ ఆయన ఇల్లు కనిపించదు. దాన్ని 1812లోనే కూల్చేశారు. ఇంటి ఆకారంలో నిలబెట్టిన తెల్లటి ఉక్కు చట్రం మాత్రం ఉంది. 1976లో కట్టిన ఆ చట్రం కింద నిలబడితే గోడలూ కప్పూ లేని ఇంట్లో ఉన్నట్టుంటుంది. నేలమాళిగలో ఆయన జీవితం గురించి చెప్పే మ్యూజియం.

ఫ్రాంక్లిన్ అనగానే గాలిపటం, మెరుపు గుర్తొస్తాయి. అంతకన్నా ముందే ఆయన నిప్పు మీద దృష్టి పెట్టాడు. నిప్పుకణికలను పారలో వేసుకుని ఒక గదిలోంచి ఇంకో గదికి మోసుకెళ్లే అలవాటు ఎంత ప్రమాదమో 1735లో తన పత్రికలో హెచ్చరించాడు. చికిత్స కన్నా నివారణే మేలని చెప్పే ఇంగ్లిషు సామెతను అందరూ ఇప్పుడు ఆరోగ్యం గురించి వాడతారు కానీ, ఫ్రాంక్లిన్ ఆ మాటను వాడింది ఈ హెచ్చరికలోనే! మరుసటి ఏడాది ఇరుగుపొరుగుతో కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ పేరుతో అగ్నిమాపక దళం కూడా పెట్టాడు.

ఆ తర్వాత ఆయన చూపు ఇంట్లోని పొయ్యి మీద పడింది. గోడలో గూడు కట్టి, పైన పొగగొట్టం పెట్టిన పొయ్యిలో ఒక తిరకాసు ఉంది. మంట వేడిలో ఎక్కువ భాగం పొగతో కలిసి పైకి పోతుంది. అంతేనా? పోతూ పోతూ గదిలోని వెచ్చటి గాలిని కూడా లాక్కెళుతుంది. ఆ ఖాళీని నింపడానికి తలుపు సందుల్లోంచి, కిటికీ సందుల్లోంచి బయటి చలిగాలి దూసుకొస్తుంది. అందుకే పొయ్యి ముందు కూర్చుంటే ముఖం మాడుతుంది, వీపు వణుకుతుంది!

దీనికి విరుగుడుగా 1740ల మొదట్లో ఫ్రాంక్లిన్ ఒక ఇనుప పెట్టె తయారుచేశాడు. పొగ నేరుగా పైకి పోకుండా చుట్టు తిరిగి వెళ్లేలా, ఆ వేడికి లోపలి గాలి వెచ్చబడి గదిలోకి వచ్చేలా దాన్ని అమర్చాడు. ముందువైపు పైకీ కిందికీ జరిగే పల్చటి ఇనుప పలక ఒకటి పెట్టాడు. దాన్ని దించితే గాలి తగ్గి మంట అదుపులో ఉంటుంది, రాత్రి వేళ నిప్పురవ్వలు గదిలోకి ఎగరవు. నేటి అద్దాల తలుపు చేసే పని అదే! 1744లో ఈ పెట్టె గురించి ఒక చిన్న పుస్తకం కూడా వేశాడు. దీన్ని అమ్ముకునే హక్కు పూర్తిగా నీకే ఇస్తానని గవర్నరు ముందుకొచ్చినా, నలుగురికీ పనికొచ్చేదానికి హక్కులేమిటని ఫ్రాంక్లిన్ వద్దన్నాడు. ఆయన మొదట చేసిన పెట్టె పొగ విషయంలో ఇబ్బంది పెట్టింది. తర్వాతివాళ్లు దాన్ని సరిచేశారు. పేరు మాత్రం ఫ్రాంక్లిన్ స్టవ్ అనే నిలిచిపోయింది.

బొమ్మలున్న ఇనుప పలకలు

ఫిలడెల్ఫియాలో రైలెక్కితే సుమారు గంటన్నరలో డోయ్‌లెస్‌టౌన్ వస్తుంది. లైనుకు అదే చివరి స్టేషను. ఎడిసన్ వైపున్న మనవాళ్లు కారులో వెళ్తే గంట పైచిలుకు ప్రయాణం. బక్స్ కౌంటీలోని ఈ చిన్న ఊరికి పేరు తెచ్చినవాడు హెన్రీ చాప్‌మన్ మెర్సర్. 1856లో పుట్టి 1930లో కన్నుమూసిన ఈ పురావస్తు పరిశోధకుడికి రెండు పిచ్చులు... పాత పనిముట్లు, కాంక్రీటు.

యంత్రాలు వచ్చాక చేతి పనిముట్లన్నీ తుక్కు కింద పోతున్నాయని గమనించి, వాటిని బళ్ల కొద్దీ పోగేశాడు. వాటి కోసం కట్టిన కాంక్రీటు మ్యూజియం 1916లో పూర్తయింది. లోపల అడుగుపెట్టి తలెత్తితే కళ్లు తిరుగుతాయి. బండ్లు, పడవ, కుర్చీలు, బుట్టలు... అన్నీ పైనుంచి వేలాడుతుంటాయి! చలికాలంలో వెళ్తే స్వెట్టర్ తప్పనిసరి. మధ్యలోని పాత హాలుకు హీటింగ్ లేదు.

ఆ సేకరణలో ఇనుప పలకలు కొన్ని ప్రత్యేకం. పెన్సిల్వేనియాకు వచ్చిన జర్మన్ రైతులు పొగ లేకుండా గదిని వేడిచేసుకునే ఉపాయం ఒకటి తెచ్చుకున్నారు. అయిదు పోత ఇనుప పలకలను పెట్టెలా బిగించి గోడకు ఆనించేవారు. ఆరో వైపు ఉండదు. గోడకున్న కంతలోంచి అవతలి వంటింటి పొయ్యిలోని నిప్పులను ఈ పెట్టెలోకి తోసేవారు. పొగ అటు, వేడి ఇటు! గదిలో ఉన్నవాళ్లకు మంట కనిపించదు. కనిపించేవల్లా ఆ పలకల మీది బొమ్మలే. ఆదాము, హవ్వ, కానా ఊళ్లో పెళ్లి... ఇలా బైబిలు కథలు. తుక్కు సామానులోనూ పాడుబడ్డ ఇళ్లలోనూ దొరికిన ఈ పలకలన్నిటినీ వెతికి పట్టుకుని మెర్సర్ 1914లో ఒక పుస్తకమే రాశాడు. పేరు ‘ద బైబిల్ ఇన్ ఐరన్’.

ఈ పలకల ముందు నిలబడితే ఒక సంగతి తెలుస్తుంది. నిప్పు కనిపించకుండా దాచితే వెచ్చదనం దక్కింది. నిప్పును చూస్తూ కూర్చుంటే వెచ్చదనం పొగగొట్టంలో పోయింది. రెండూ కావాలంటే ఏం చేయాలి? ఇనుములా వేడిని తట్టుకుంటూ, గాలిలా అవతలిది కనిపించేలా ఉండే పలక కావాలి. అది రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

పద్దెనిమిది పొయ్యిల కోట

మ్యూజియానికి మైలు దూరంలో మెర్సర్ తన కోసం కట్టుకున్న ఇల్లు ఫాంట్‌హిల్. 1908లో మొదలుపెట్టి 1912లో పూర్తిచేశాడు. నలభై నాలుగు గదులు, రెండొందలకు పైగా కిటికీలు, పద్దెనిమిది ఫైర్‌ప్లేస్‌లు! అన్నీ కాంక్రీటే. లూసీ అనే గుర్రం కాంక్రీటును పైకి లాగి సాయపడింది.

ఇంత కాంక్రీటు ఎందుకు? మెర్సర్ కుటుంబానికి నిప్పు మిగిల్చిన గాయం ఒకటుంది. వాళ్ల దగ్గరి బంధువు ఒకావిడ సేకరించిన పాతకాలపు కవచాలు బోస్టన్‌లో 1872లో జరిగిన ఘోర అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. అందుకే తన సేకరణ అంటుకోని ఇంట్లోనే ఉండాలని ఆయన పట్టుబట్టాడంటారు. కోట పూర్తయ్యాక అది కాలదని చూపించడానికి పైకప్పు మీద పెద్ద మంట వేయించాడని కూడా ఆ ఊళ్లో చెప్పుకుంటారు. నిప్పుకు అంతగా జంకిన మనిషే తన ఇంట్లో పద్దెనిమిది పొయ్యిలు కట్టించుకుని, వాటి చుట్టూ తన కార్ఖానాలో చేసిన రంగురంగుల పెంకులు అతికించాడు. భయం వేరు, జాగ్రత్త వేరు మరి!

ఫాంట్‌హిల్‌ను గైడుతోనే చూడాలి. టికెట్లు ముందుగా తీసుకోవడం మంచిది. పక్కనే ఉన్న పెంకుల కార్ఖానాలో ఇప్పటికీ పెంకులు తయారవుతున్నాయి.

కింద పడినా పగలని అద్దం

ఫిలడెల్ఫియాకు ఉత్తరాన, కారులో నాలుగు గంటల దూరంలో, న్యూయార్క్ రాష్ట్రంలో కార్నింగ్ అనే ఊరుంది. ఊరి పేరే కంపెనీ పేరు. అక్కడి గాజు మ్యూజియానికి ఏటా ఎందరో వెళ్తుంటారు. ఆ కంపెనీలో డొనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్త 1953లో ఒక గాజు పలకను కొలిమిలో పెట్టాడు. 600 డిగ్రీల దగ్గర ఆగాల్సిన వేడి 900 డిగ్రీలకు వెళ్లిపోయింది. గాజు కరిగి ముద్దయి ఉంటుందనుకుని తలుపు తీస్తే పలక పలకలాగే ఉంది! పట్టకారుతో బయటికి తీస్తుంటే జారి కింద పడింది. పగల్లేదు. ఇనుప రేకులా ఖంగుమంది. గాజులో సన్నటి స్ఫటికాలు ఏర్పడి గట్టిపడిన ఈ రకానికి గ్లాస్ సెరామిక్ అని పేరు. తర్వాతి కాలంలో దీంట్లోనే అవతలిది కనిపించే రకాలూ వచ్చాయి. ఇండక్షన్ స్టవ్ మీద ఉండే నల్లటి పలక కూడా ఈ జాతిదే.

జర్మన్ రైతులకు దొరకని పలక దొరికింది. ఇక మిగిలింది ఎవరింటికి ఏది సరిపోతుందో ఎంచుకోవడమే.

ఏ పొయ్యికి ఏ తలుపు?

ముందు తెలుసుకోవాల్సింది ఇంట్లో ఉన్నది ఏ రకం పొయ్యి అన్నది. ఇటుకలతో కట్టిందా? ఫ్యాక్టరీలో ఇనుప పెట్టెలా తయారై గోడలో అమర్చిందా? కట్టెలదా, గ్యాసుదా? ఇటుక పొయ్యికి చేసిన తలుపును ఫ్యాక్టరీ పొయ్యికి బిగించకూడదు. ఫ్యాక్టరీ పొయ్యి చుట్టూ గాలి ఆడుతూ ఉండాలి. ఆ దారులు మూసుకుపోతే గోడ లోపలి చెక్క వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. దానికి ఆ కంపెనీ ఒప్పుకున్న తలుపే పెట్టాలి.

అద్దాల్లో ప్రధానంగా రెండు రకాలు. మొదటిది టెంపర్డ్ గ్లాస్. కారు పక్క కిటికీల్లో ఉండేది ఇదే. ధర తక్కువ. సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. ఆపైన చిన్న చిన్న ముక్కలుగా పగిలిపోవచ్చు. అందుకే ఇలాంటి తలుపులున్న పొయ్యిలో కట్టెలు బాగా మండుతున్నప్పుడు అద్దాలు తెరిచి, లోపలి ఇనుప వల తెర మూయాలి. వేడి గదిలోకి వస్తుంది, నిప్పురవ్వలు రావు. మరి అద్దాలెందుకు? మంట తగ్గి కణికలు మిగిలాక మూయడానికి. పొగగొట్టంలో డ్యాంపర్ అనే మూత ఉంటుంది. కణికలు పూర్తిగా చల్లారేదాకా దాన్ని మూయకూడదు. మూస్తే విషవాయువు ఇంట్లోకి వస్తుంది. తెల్లార్లూ డ్యాంపర్ తెరిచి ఉంటే హాల్లోని వెచ్చదనమంతా అందులోంచి పోతుంది. ఆ దొంగదారికి అడ్డం ఈ అద్దాల తలుపు.

రెండోది సెరామిక్ గ్లాస్. 700 డిగ్రీలకు పైగా తట్టుకుంటుంది. వేడిని గదిలోకి బాగా వదులుతుంది. ధర మాత్రం ఎక్కువ. తలుపు మూసి కట్టెలు మండించేలా చేసిన ‘ఇన్‌సర్ట్’ పొయ్యిల్లో ఉండేది ఇదే. పాత ఇటుక గూట్లో ఇమిడిపోయే ఈ ఇనుప పెట్టెలను ఫ్రాంక్లిన్ పెట్టెకు మునిమనవలు అనొచ్చు. కట్టెల పొయ్యితో నిజంగా ఇల్లు వెచ్చబడాలనుకునేవాళ్లు మామూలు పొయ్యికి అందమైన తలుపు కొనే బదులు ఇన్‌సర్ట్ గురించి ఆలోచించడం మేలు.

గ్యాసు పొయ్యిల సంగతి వేరు. గోడలోంచి బయటికి గొట్టం ఉండే ‘డైరెక్ట్ వెంట్’ రకంలో ముందుండే అద్దం పొయ్యిలో భాగం. అది తీసి మంట వెలిగించకూడదు. పొగగొట్టమే లేని ‘వెంట్ ఫ్రీ’ రకానికి అద్దాల తలుపులుంటే, మండినంతసేపూ తెరిచే ఉంచాలి.

కొలతల్లో తొందరపడితే తలుపు తిరిగి షాపుకే వెళ్తుంది. గూడు వెడల్పును పైనా కిందా, ఎత్తును ఎడమా కుడీ కొలవాలి. పాత ఇళ్లలో ఈ కొలతలు ఒక్కలా ఉండవు. తలుపు గూట్లో ఇమడాలంటే అన్నిటికన్నా చిన్న కొలత లెక్క. అంచుల మీదికి వచ్చేలా బిగించాలంటే పెద్ద కొలత లెక్క. రాళ్లు ఎగుడుదిగుడుగా ఉన్న గూటికి లోపల ఇమిడే రకమే నయం. మూడు రెక్కల విడి తెర చూడ్డానికి బావుంటుంది, తేలిగ్గా పక్కకు తీయొచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం అది తెర అవుతుంది కానీ అడ్డు కాదు. ఒక్క తోపుకే పడిపోతుంది.

అరచేతికి అందనంత దూరం

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. గ్యాసు పొయ్యి అద్దం కొన్ని నిమిషాల్లోనే 200 డిగ్రీలు దాటిపోగలదు. మంట ఆర్పాక కూడా చల్లబడటానికి ముప్పావు గంట దాకా పడుతుంది. పెద్దవాళ్లకు మంట ఆరిపోతే పొయ్యి ఆరిపోయినట్టే. అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న పిల్లకు అది మెరిసే అద్దం, నిలబడటానికి దొరికిన ఆసరా. రెండు అరచేతులూ ఆనిస్తుంది. పెద్దవాళ్లలా చటుక్కున వెనక్కి లాక్కోవడం ఆ వయసుకు చేతకాదు.

ఇలాంటి ప్రమాదాలు చూశాకే అమెరికాలో నిబంధన మారింది. 2015 జనవరి 1 నుంచి తయారయ్యే గ్యాసు పొయ్యిల్లో అద్దం సుమారు 78 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కేదైతే, దాని ముందు రక్షణ తెర కూడా కంపెనీయే ఇవ్వాలి. అంతకుముందు కట్టిన ఇళ్లలో అది లేకపోవచ్చు. ఉన్నా, అందం పాడవుతోందని పాత యజమాని తీసి గ్యారేజీలో పడేసి ఉండొచ్చు! పాత ఇల్లు కొన్నవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. లేకపోతే ఆ పొయ్యికి సరిపోయే తెర కొని బిగించాలి. పాకే పిల్లలుంటే ఇంకా ముందుకు, గోడకు బిగించే కంచె కూడా ఉండాలి. పొయ్యి స్విచ్చు, రిమోటు పిల్లలకు అందకూడదు.

మనవాళ్ల ఇళ్లలో ఇంకో రెండు సంగతులు. కట్టెల మంట దగ్గరికి చీర కొంగు, చున్నీ వేలాడకూడదు. పొయ్యి మీది అరుగు ఖాళీగా కనిపించిందని దేవుడి పటాలూ పూలదండలూ అక్కడ పెట్టే ముందు, అక్కడ ఎంత వేడి ఉంటుందో ఒకసారి చూసుకోవాలి. బూడిదను మూతున్న ఇనుప డబ్బాలోకే ఎత్తి, ఇంటికి దూరంగా ఉంచాలి. పొగగొట్టాన్ని ఏడాదికోసారి తనిఖీ చేయించాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో చలికాలానికి ముందే చూసుకోవాలి. ఎంత జాగ్రత్తపడ్డా చెయ్యి కాలితే టూత్‌పేస్టు, ఇంకు, ఐసు వద్దు. 20 నిమిషాల దాకా చల్లటి కుళాయి నీళ్ల కింద ఉంచి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

అద్దాల తలుపు కొనేటప్పుడు ఇత్తడి రంగా, నల్ల రంగా, పిడి గుండ్రంగా ఉండాలా పొడుగ్గా ఉండాలా అన్నవి చివరి ప్రశ్నలు. ముందు ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ల ఎత్తు ఎంతో చూసుకుని, ఆ ఎత్తున చెయ్యి ఎక్కడ ఆనుతుందో చూడాలి. అక్కడ చల్లగా ఉంటే తలుపు సరైనదే.